విశాఖ దంతపు కుర్చీ

విక్టోరియా రాణి కాలమున ఇంగ్లండులో జపాను ఫణితి కుర్చీలపై మోజు ప్రబలినది. 1862 నాటి లండను ప్రదర్శనము పిమ్మట గాడ్విన్ మున్నగు రూపశిల్పులు నల్లరంగు పూసిన కొయ్యతో, సన్నని నిలువు, అడ్డు కమ్ములతో ఆ ప్రాచ్యరీతిని అనుకరించిరి. అచట రీతి తూర్పుది, పనివాడు పడమటివాడు. అంతకు నూరేండ్లకు పూర్వమే మన విశాఖపట్టణమున రూపము పడమటిదై, హస్తకౌశలము తెలుగువారిదై వెలసిన కుర్చీ యొకటి కలదు.

17వ శతాబ్దిలో డచ్చివారు భీమునిపట్నమందును, ఆంగ్లేయులు విశాఖయందును వర్తకస్థానములు నెలకొల్పుకొనిరి. తమ దేశపు ఫక్కిలో కుర్చీలు, బల్లలు, పెట్టెలు కావలెనని వారు కోరగా, ఇచటి కంసాలి శిల్పులు ఆ రూపములను గ్రహించి, అలంకారమును మాత్రము తమ సొంత సంప్రదాయము నుండియే తెచ్చిరి. పలుచని దంతపు రేకును తీగెగా, పూవుగా కోసి, ఇరుగుడు కొయ్యలోనో నల్లచేవలోనో అందుకు సరిపడు గాడి తొలిచి, సందు కానరాకుండ పొదిగి, పిమ్మట దానిపై ఆకుల ఈనెలను, రేకుల మడతలను సన్నని ఉలితో గీసి, ఆ గీతలలో నల్లని లక్క నింపి నునుపు చేసెడివారు. ఈ తీరమునందే తయారైన చీటిబట్టలపై అల్లుకొన్న లతలే ఈ కుర్చీల అంచులమీదను పూచినవి.

18వ శతాబ్ది ఉత్తరార్ధమున పని మరియొక మలుపు తిరిగినది. చందనపు కొయ్యనంతను దంతపు రేకులతో కప్పి, వానిపై చిత్రములు చెక్కుట ఆరంభమైనది. మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ వించ్ వద్దనున్న అట్టి కుర్చీలను మూడవ జార్జి రాజు 1781లో తన రాణి షార్లెట్‌కై కొనెను. అవి నేటికిని ఆంగ్ల రాజకుటుంబపు భాండారమున ఉన్నవి.

విక్టోరియా యుగము నాటికి పెద్ద సామాను తగ్గి, దంతము, దుప్పికొమ్ము, ఏదుముల్లు కూర్చిన చందనపు పేటికలు ప్రధానమైనవి. 1901లో ఎడ్గార్ థర్స్టన్ దక్షిణదేశపు దంతశిల్పముపై ప్రత్యేకగ్రంథమునే వ్రాసెను.

కొన్న రాజు పేరును, అంతకు మునుపు వానిని కలిగియున్నవాని పేరును చరిత్ర భద్రపరచెను గాని, ఆ కుర్చీలను చెక్కిన శిల్పుల పేర్లు మనకు దక్కలేదు. ఓడరేవుతో, ఉక్కుతో ప్రఖ్యాతినొందిన ఈ నగరము వారి ఋణమును గుర్తింపవలెను. ఏనుగు దంతపు వ్యాపారము నేడు నిషిద్ధము, నిషిద్ధమగుటయే ధర్మము. ఐనను కొయ్యలో పొదుగు నేర్పును, ఉలిగీతలో లక్క నింపు ఒడుపును దంతముతోపాటు అంతరింపనక్కరలేదు. మన కళాశాలలు పూనుకొని వానిని వేరు పదార్థములపై నేర్పినచో, పేరులేని ఆ శిల్పులకు అంతకు మించిన స్మారకము ఉండబోదు.