గర్భనిరోధ సాధనములు - ఋతురక్తము

గర్భనిరోధ చరిత్రలలో సాధనములను కనిపెట్టిన వైద్యుల పేర్లును, వానిని పంచిన ప్రభుత్వముల లెక్కలును విరివిగా గనబడును. వానిని ధరించిన స్త్రీ నెలకెంత రక్తము గోల్పోయెనను ప్రశ్న మాత్ర మొక మూలకు జేరియుండును. మే మా మూలనుండియే చూడదలచితిమి.

బెర్లిను వైద్యుడు ఎర్నెస్టు గ్రాఫెన్‌బెర్గు 1929లో లండను సభయందు తన యుంగరమును గూర్చి వివరించెను. బఫెలో నగర వైద్యుడు జాక్ లిప్పెస్ 1962లో ప్లాస్టిక్ లూపును లోకమునకు జూపెను. భారత ప్రభుత్వము 1965లో దానిని స్వీకరింపగా, స్వల్పకాలముననే లక్షలకొలది స్త్రీలకు లూపు లమర్చిరి. పిదప నా యుత్సాహము సన్నగిల్లెను. ఋతుస్రావము హెచ్చుట, నడుమ నడుమ రక్తము గనబడుట, నొప్పి - ఇవి ముఖ్యకారణములు. వదంతులును లేచెను. వదంతులను నిందింపవచ్చును, కాని ముందే రక్తహీనతతో నున్న యిల్లాలికి నెలనెల మఱికొంత రక్తము పోవుట వదంతి కాదు. ముట్టు మాటయే గుసగుసగా నాడుకొను నిండ్లలో నామె యెవరితో జెప్పుకొనగలదు?

తరువాత చిలీ దేశీయుడు హైమే జిప్పర్, అమెరికా వైద్యుడు హోవర్డ్ టేటమ్ గార్ల కృషిచే రాగి చేరి కాపర్-టి వెలసెను. అందు హార్మోను లేదు; పదేండ్లు పనిచేయు రకమును గలదు. మంచి సాధనమే. అయినను స్రావ మధికముగా నున్నవారికి దాని నింకను హెచ్చింపవచ్చును.

ఫిన్లాండు వైద్యుడు తపానీ లూక్కైనెన్ కృషివలన మార్గము మాఱినది. రాగికి బదులు లెవొనార్జెస్ట్రెల్ అను హార్మోనును దినమునకు సుమారు 20 మైక్రోగ్రాముల చొప్పున విడుచు సాధనము 1990లో ఆ దేశమున వెలువడెను. ఇది గర్భాశయపు లోపొరను బలుచన జేయును. పొర పలుచనైన స్రావము తగ్గును. గర్భము రాకుండుటకై చేసినది రక్తస్రావమునకు మం దయ్యెను! 2007లో ఇంగ్లండు వైద్యసూత్రములు దానిని అధికస్రావమునకు ముందుగా జూడదగిన చికిత్సగా బేర్కొనెను. 2009లో అమెరికా ప్రభుత్వ మా యుపయోగమున కనుమతించెను.

తొలి కొన్ని మాసములు చుక్కలు చుక్కలుగా రక్తము గనబడుట సహజము. ఇది ముందుగా దెలియక తీయించుకొనువారు గలరు. కొందఱికి ముట్టు నిలిచిపోవును. చెడురక్తము లోపల నిలువయుండునని పెద్దలు భయపడుదురు గాని, పొరయే పెరుగనప్పుడు నిలుచున దేమియు లేదు. అయితే స్రావ మేల హెచ్చినదో, గర్భాశయమున గడ్డలున్నవో లేవో, రక్తహీనత యెంతయో ముందు పరీక్షింపవలయును. సర్కారు ఆసుపత్రులలో కాపర్-టి ఉచితము. హార్మోను సాధనమునకు వెల హెచ్చు. కావున నుచితమైన దానినే ముందుగా జూపినప్పుడు, నెలకెన్ని దినములు, ఎన్ని గుడ్డలు మార్చవలసివచ్చుచున్నదో స్త్రీయే వైద్యురాలికి విడమఱచి చెప్పవలసియున్నది.