చికాగో ఆకాశహర్మ్యాలు - పునాదుల వైపు నుంచి

ఆకాశహర్మ్యం అనగానే మనలో చాలామందికి న్యూయార్కు నగరమూ, ఎంపైర్ స్టేట్ భవనమూ గుర్తుకు వస్తాయి. నిజానికి ఆకాశహర్మ్యానికి పుట్టినిల్లు చికాగో. న్యూయార్కు దానికి అత్తవారిల్లు. నగలూ, ఆర్భాటమూ అక్కడికి వెళ్ళిన తరువాత వచ్చినవే. మా అమ్మాయి సంసారం చికాగో శివారులోని నేపర్‌విల్‌లో కావటం వల్ల ఆ నగరాన్ని రెండు పర్యాయాలు తీరికగా చూసే అవకాశం నాకు కలిగింది. ముప్పై ఏళ్ళకు పైగా భవనాల విభాగంలో పనిచేసినవాణ్ణి కనుక, అందరూ తలలు పైకెత్తి చూసే చోట నా చూపు కిందికి పోతుంది. ఇంత బరువు ఎక్కడికి దిగుతున్నది? దాన్ని ఏ నేల మోస్తున్నది? మన సంఘంలో ఇంజనీర్లు కాని మిత్రులు కూడా ఉన్నారు కాబట్టి లెక్కల జోలికి పోకుండా ఆ కథ చెబుతాను.

మిషిగన్ సరస్సు ఒడ్డున ఉన్న చికాగో ఒకనాడు చిత్తడి నేల. పైన మెత్తని బంకమన్ను, దాని కింద గట్టిమన్ను, ఎక్కడో నూరు అడుగుల లోతున రాయి. మురుగు పోయే దారి లేక ఊరు రోగాలపాలవుతుంటే, 1850ల చివరి నుంచి వీధుల ఎత్తు పెంచారు. వీధి పెరిగితే ఇళ్ళు గుంటలో పడతాయి కదా! అందుకని ఇటుక భవనాలను పునాదుల దగ్గర వేరుచేసి, వందల సంఖ్యలో స్క్రూ జాకీలు పెట్టి, కూలీలంతా ఒకేసారి తిప్పుతూ అంగుళం అంగుళంగా పైకి లేపారు. హోటళ్ళను లేపుతున్నప్పుడు లోపల బస చేసినవారు బస చేస్తూనే ఉన్నారట. ఈ కాంట్రాక్టులు చేసినవారిలో తరువాత రైల్వే స్లీపర్ పెట్టెలతో పేరు పొందిన జార్జి పుల్‌మన్ ఒకడు.

1871 అక్టోబరు 8వ తేదీ రాత్రి నిప్పంటుకుంది. ఓలియరీ అనే ఆవిడ గొడ్ల చావడిలో మొదలై, రెండు రోజులకు నగరం నడిబొడ్డును బూడిద చేసింది. సుమారు 300 మంది చనిపోయారు. లక్షమందికి గూడు లేకుండా పోయింది. ఆవు లాంతరును తన్నటం వల్లే మంట లేచిందని జనం ఆ పేదరాలిని జీవితాంతం ఆడిపోసుకున్నారు. 1997లో చికాగో నగర సభ తీర్మానం చేసి ఆమెనూ, ఆవునూ కూడా నిర్దోషులుగా ప్రకటించింది! నూటఇరవై ఆరేళ్ళ తరువాత వచ్చిన ఆర్డరు. పెన్షను బకాయిల కోసం ఎదురుచూసినవారికి ఈ ఆలస్యం ఆశ్చర్యం కలిగించదు.

మంట ఒక పాఠం నేర్పింది. ఇనుము కాలదు గాని, వేడికి కరిగి వంగిపోతుంది. కనుక ఇనుప స్తంభాలకు కాల్చిన మట్టి పెంకులతో తొడుగు వేయటం మొదలుపెట్టారు. నడిబొడ్డున స్థలం ధర విపరీతంగా పెరిగింది. అదనపు జాగా కావాలంటే పైకి పోవలసిందే. మెట్లెక్కి పోవాలంటే నాలుగైదు అంతస్తులకు మించి అద్దెకు ఎవరూ రారు. ఆ ఇబ్బందిని లిఫ్టు తీర్చింది. తాడు తెగినా కిందపడని లిఫ్టును ఎలిషా ఓటిస్ అంతకు ముందే, 1850లలో, న్యూయార్కులో జనం ఎదుట చేసి చూపించాడు.

ఇక గోడ. ఇటుక గోడే బరువు మోయాలంటే, ఎత్తు పెరిగినకొద్దీ అడుగున మందం పెరగాలి. దీనికి చివరి సాక్ష్యం ఇప్పటికీ నిలిచి ఉన్న మోనాడ్‌నాక్ భవనం. 1891లో బర్న్‌హామ్, రూట్ అనే జంట ఆర్కిటెక్టులు కట్టిన ఉత్తర భాగానికి 16 అంతస్తులు, అడుగున గోడ మందం ఆరడుగులు! కిటికీ దగ్గర నిలబడితే కోట బురుజులో ఉన్నట్లుంటుంది. రెండేళ్ళ తరువాత వేరే ఆర్కిటెక్టులు దానికి ఆనించి కట్టిన దక్షిణ భాగానికి ఉక్కు చట్రం వాడారు. ఒకే భవనంలో రెండు యుగాలు పక్కపక్కన ఉన్నాయి. సివిల్ చదివే పిల్లలకు దీన్ని ఒక్కసారి చూపిస్తే సగం పాఠం అయిపోతుంది. ఆ బరువుకు ఉత్తర భాగం మెత్తని మన్నులో దిగిపోతూ వచ్చింది. దిగుతుందని ముందే లెక్కవేశారు. అయితే ఆ లెక్కను దాటి, కొన్ని దశాబ్దాలలో దాదాపు 20 అంగుళాలు దిగింది. సమంగా దిగింది కాబట్టి నిలిచింది.

గోడను బరువు నుంచి విడుదల చేసిన ఘనత విలియం లీబారన్ జెన్నీకి ఇస్తారు. 1885లో పూర్తయిన ఆయన హోమ్ ఇన్సూరెన్స్ భవనం 10 అంతస్తులు, 138 అడుగులు. అమెరికావారి మొదటి అంతస్తు మన గ్రౌండ్ ఫ్లోరు కనుక, మన లెక్కలో అది 'జీ ప్లస్ తొమ్మిది'. లోపల ఇనుప చట్రం, పై అంతస్తుల దూలాలకు అప్పుడే మార్కెట్లోకి వచ్చిన ఉక్కు. జెన్నీ భార్య బరువైన పుస్తకాన్ని పంజరంపై పెడితే, సన్నని తీగలు దాన్ని మోయటం చూసి ఆయనకు ఈ ఆలోచన వచ్చిందని కథ చెబుతారు. ఇలాంటి కథలన్నీ న్యూటన్ ఆపిల్ పండు బాపతే. 1931లో కొత్త భవనం కోసం దీన్ని పడగొట్టేటప్పుడు ఒక కమిటీ వేసి, ఎముకలు విప్పి చూసినట్లు చూసి, మొదటి ఆకాశహర్మ్యం ఇదేనని తేల్చారు. కొన్ని గోడలు కూడా బరువు మోశాయి కదా అని వాదించేవారు నేటికీ ఉన్నారు. నా మటుకు నాకు ఈ 'మొదటిది' అనే పట్టింపు అంత ముఖ్యంగా తోచదు. ఆ పదేళ్ళలో నాలుగైదు ఆఫీసుల్లో ఒకరి పని చూసి ఒకరు నేర్చుకుంటూ సాధించిన విషయం అది.

పునాదుల సంగతికి వస్తే, 1882లో రూట్ మాంటాక్ బ్లాక్ అనే భవనానికి పాత రైలు పట్టాలను అడ్డంగా, నిలువుగా పేర్చి, కాంక్రీటులో పాతి, తెప్పలాగా వేశాడు. బురదపై తేలే పునాది అన్నమాట. అంతకంటే నన్ను ఆకర్షించింది 1894 నాటి స్టాక్ ఎక్స్ఛేంజి భవనం. పక్కనే ఒక వార్తాపత్రిక అచ్చు యంత్రాలు ఉన్నాయి. పైల్స్ దిగగొడితే ఆ అదురుకు యంత్రాలు పాడవుతాయి. అప్పుడు సూయి స్మిత్ అనే ఇంజనీరు సలహాపై ఆ వైపు మనుషుల చేత బావులు తవ్వించి, చుట్టూ చెక్కలు ఆనించి, గట్టి నేల తగిలాక కాంక్రీటుతో నింపారు. మన నదులపై వంతెనలకు బావులు దింపే పద్ధతికి ఇది దాయాది. పక్కింటివాడి ఇబ్బంది తీర్చటానికి చేసిన ఏర్పాటు, తరువాత చికాగోలో ఎత్తైన భవనాలన్నిటికీ ఆధారమైంది.

ఈ భవనాన్ని కట్టింది డాంక్‌మార్ ఆడ్లర్, లూయీ సల్లివాన్. ఎత్తైన భవనానికి దాని సొంత రూపం ఉండాలనీ, గ్రీకు గుడి ముఖాన్ని తెచ్చి అతికించకూడదనీ గట్టిగా చెప్పినవాడు సల్లివాన్. 1893లో ప్రపంచ ప్రదర్శన చికాగోలో జరిగినప్పుడు, దాని నిర్మాణ బాధ్యత చూసిన బర్న్‌హామ్ అందుకు విరుద్ధంగా తెల్లని గ్రీకు, రోమను సౌధాల వరుస నిలబెట్టాడు. అదే ఏడాది సెప్టెంబరు 11న సర్వమత మహాసభలో వివేకానందస్వామి ప్రసంగించిన భవనం నేటి ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్. మనవాళ్ళు చికాగో వెళితే తప్పక చూసే చోటు. స్వామి ఆ వీధుల్లో నడిచేనాటికి 302 అడుగుల మేసోనిక్ టెంపుల్ ఏడాది క్రితమే లేచి ఉంది. సరిగ్గా 1893లోనే నగరపాలకులు భవనాల ఎత్తును 130 అడుగులకు పరిమితం చేశారు. తరువాత ఆ హద్దును సడలిస్తూ, బిగిస్తూ పోయారు. ఆ సందులో న్యూయార్కు ముందుకు వెళ్ళిపోయింది. 1930లో 605 అడుగుల బోర్డ్ ఆఫ్ ట్రేడ్ భవనంపై ధాన్యదేవత సీరిస్ విగ్రహాన్ని నిలిపినప్పుడు దానికి ముఖం చెక్కలేదు. ఆ ఎత్తుకు వచ్చి చూసేవాడెవడు అనుకున్నారు! 1965 వరకు ఆ ధీమా చెల్లింది.

ఇక నేను ఈ వ్యాసం ఎవరి కోసం మొదలుపెట్టానో ఆయన దగ్గరకు వస్తాను. ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్ 1929లో ఢాకాలో పుట్టాడు. కలకత్తా దగ్గరి శిబ్‌పూర్ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి, ఢాకాలో పట్టా పుచ్చుకుని, 1952లో స్కాలర్‌షిప్పుపై ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. మన కాలం సివిల్ ఇంజనీర్లందరం రాత్రులు కూర్చుని మొమెంట్ డిస్ట్రిబ్యూషన్ పద్ధతిలో లెక్కలు చేసినవాళ్ళమే. ఆ పద్ధతి కనిపెట్టిన హార్డీ క్రాస్ 1930లో దాన్ని ప్రకటించేనాటికి పనిచేస్తున్నది అదే విశ్వవిద్యాలయంలో. ఖాన్ 1955లో స్కిడ్‌మోర్, ఓవింగ్స్ అండ్ మెరిల్ అనే చికాగో సంస్థలో చేరాడు.

భవనం నలభై, యాభై అంతస్తులు దాటితే అసలు శత్రువు తన బరువు కాదు, గాలి. పాత పద్ధతిలో లోపలి స్తంభాలను, దూలాలను బలిపిస్తూ పోవాలి. ఎత్తు పెరిగినకొద్దీ ఉక్కు ఖర్చు భరించలేనంత అవుతుంది. ఖాన్ ఏమన్నాడంటే, బలాన్ని లోపల కాదు, వెలుపలి అంచున పెట్టండి. దగ్గర దగ్గరగా స్తంభాలు వేసి, నాలుగు వైపులా కలిపి కట్టేస్తే భవనమంతా ఒక గొట్టమవుతుంది. మన వెదురు చూడండి. లోపల డొల్ల, బలమంతా వెలుపలి గోడలో. అయినా గాలికి నిలుస్తుంది.

1969లో పూర్తయిన 100 అంతస్తుల జాన్ హాంకాక్ సెంటరుకు (1,127 అడుగులు) ఈ గొట్టం బయటి వైపు పెద్ద పెద్ద ఇంటూ గుర్తుల్లాంటి ఉక్కు కట్లు వేశాడు. వాటిని దాచలేదు. ఆర్కిటెక్టు బ్రూస్ గ్రాహమ్ కూడా దాచమనలేదు. అంత ఎత్తున ఊగితే మనుషులకు ఎంతవరకు తెలుస్తుందో చూడటానికి, ఒక మ్యూజియంలో వాషింగ్ మిషన్ల ప్రదర్శన కోసం పెట్టిన తిరిగే వేదికపై మనుషులను ఉంచి పరీక్షించాడట. ఆ భవనం పునాదుల్లోనూ ఒక గండం వచ్చింది. కట్టడం సాగుతుండగా ఒక కేసన్ దిగటం గమనించి తవ్వి చూస్తే కాంక్రీటులో ఖాళీ బయటపడింది. కొన్ని నెలలు పని ఆపి, మిగిలినవాటినీ పరీక్షించి, సరిచేసి మళ్ళీ మొదలుపెట్టారు. పైన ఉక్కు లేస్తుండగా పని ఆపించటం ఎంత కష్టమో మనలో సైటు పని చేసినవారికి చెప్పనక్కరలేదు.

తరువాతిది సియర్స్ టవరు. 75 అడుగుల చదరపు గొట్టాలు తొమ్మిది, మూడేసి చొప్పున మూడు వరుసలు. రెండు 50వ అంతస్తు దగ్గర, రెండు 66 దగ్గర, మూడు 90 దగ్గర ఆగిపోతాయి. మిగిలిన రెండూ 110 వరకు పోతాయి. ఎత్తు 1,450 అడుగులు. ఉక్కు 76,000 టన్నులు. గ్రాహమ్ గుప్పెడు సిగరెట్లు తీసి, ఎగుడుదిగుడుగా పట్టుకుని ఈ రూపం చూపించాడని చెబుతారు. 1973లో ప్రపంచంలో అతి ఎత్తైన భవనమై, 1998లో కౌలాలంపూరు పెట్రోనాస్ జంట భవనాలు వచ్చేవరకు ఆ పేరు నిలుపుకుంది. ఈ పనుల్లో ఖాన్‌కు కుడిభుజంగా నిలిచినవాడు మన దేశం నుంచి వెళ్ళిన శ్రీనివాస అయ్యంగార్.

1971లో బంగ్లాదేశ్ విముక్తి పోరాటం జరుగుతుంటే, ఒకవైపు ఈ కట్టడం లేస్తుండగానే, ఖాన్ చికాగోలో తన దేశస్థులను కూడగట్టి సహాయనిధి సేకరించాడు. 1982 మార్చిలో జెడ్డాలో గుండెపోటుతో మరణించాడు. వయసు 52. మనం పదవీ విరమణ చేసిన వయసు కూడా కాదు.

కట్టించుకున్న సియర్స్ కంపెనీ పల్లెటూళ్ళకు పోస్టులో సరుకు అమ్మి పెద్దదయింది. 1990ల మొదట్లోనే ఉద్యోగులను శివారుకు తరలించింది. 2009లో భవనం పేరు విల్లిస్ టవరుగా మారింది. 2018లో కంపెనీ దివాలా పిటిషను పెట్టింది. చికాగోవాసులు మాత్రం ఇంకా సియర్స్ టవరనే అంటారు. మా అమ్మాయి ఇరుగుపొరుగు అమెరికన్లూ అంతే. దాని తోటిదైన స్టాండర్డ్ ఆయిల్ భవనానికి (1,136 అడుగులు) ఇటలీ నుంచి పాలరాయి తెచ్చి పలచని పలకలుగా అతికించారు. అక్కడి చలికీ, ఎండకూ పలకలు వంగిపోయాయి. 1990 ప్రాంతంలో మొత్తం 43,000 పలకలు పీకి గ్రానైటు వేశారు. ఆ రాయి మన వాతావరణంలో ఎలా ఉండేదోగాని, అక్కడి మంచుకు తట్టుకోలేదు.

కొత్త కాలంలో చెప్పుకోదగినది 2020 నాటి సెయింట్ రీజిస్ భవనం. 1,198 అడుగులు. రూపకర్త జీన్ గ్యాంగ్ అనే మహిళ. గాలి దూసుకుపోవటానికి పై భాగంలో ఒక అంతస్తును ఖాళీగా వదిలేశారు. 2010లో తెరిచిన దుబాయిలోని 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా లెక్కలు వేసింది కూడా ఖాన్ పనిచేసిన ఆ చికాగో ఆఫీసే.

ఇంత కట్టిన ఊరే పడగొట్టటంలోనూ వెనుకాడలేదు. హోమ్ ఇన్సూరెన్స్ పోయింది, మాంటాక్ పోయింది, మేసోనిక్ టెంపుల్ 1939లో పోయింది. అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది స్టాక్ ఎక్స్ఛేంజి కథ. సల్లివాన్ చివరి రోజుల్లో పనిలేక, డబ్బులేక, 1924లో ఒక హోటలు గదిలో చనిపోయాడు. ఆయన భవనాలను ఒక్కొక్కటిగా కూల్చుతుంటే రిచర్డ్ నికెల్ అనే ఫోటోగ్రాఫరు వాటిని ఫోటోలు తీస్తూ, నగిషీ ముక్కలను సొంత చేతులతో ఊడదీసి భద్రపరిచాడు. అడ్డుకోవటానికి ప్రదర్శనలు చేశాడు, అర్జీలు పెట్టాడు. స్టాక్ ఎక్స్ఛేంజిని ఆపలేకపోయాడు. 1972 ఏప్రిల్‌లో సగం కూల్చిన ఆ భవనంలోకి ఒంటరిగా వెళ్ళాడు. కప్పు కూలి మీద పడింది. శవం దొరకటానికి దాదాపు నెల పట్టింది. ఆయన పట్టుదల వల్ల మిగిలిన ముక్కలతో ఆ భవనపు వ్యాపారశాలను ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో తిరిగి కట్టారు. ద్వారపు తోరణం ఆ ఆవరణలోనే బయట నిలబడి ఉంది.

నగరానికి ఉత్తరాన గ్రేస్‌ల్యాండ్ శ్మశానవాటిక ఉంది. బర్న్‌హామ్, రూట్, సల్లివాన్, గ్రాహమ్ అక్కడే ఉన్నారు. ఢాకా నుంచి వచ్చిన ఖాన్ సమాధి కూడా అక్కడే. సల్లివాన్‌కు సమాధిఫలకం సైతం మిత్రులు చందాలు వేసుకుని పెట్టించిందే. నికెల్‌ను ఆయనకు దగ్గరలోనే ఖననం చేశారు.