ఎర్రబండల్లో అలలు

జమ్మలమడుగు దాటాం. రోడ్డు మెల్లగా ఎర్రమల కొండల మీదికి ఎక్కుతోంది. పొద్దున తిన్న ఉగ్గాని, మిరపకాయ బజ్జీల కారం ఇంకా నాలుక మీదే ఉంది. డిసెంబరు చలికి కారు అద్దాలు సగం మూసి ఉన్నాయి. రెండు పక్కలా ముళ్ళకంపలు, ఎర్రమట్టి, అక్కడక్కడా తల ఎత్తిన బండలు. అంతే. లోయ జాడ ఎక్కడా లేదు. వెనక సీట్లోంచి చిన్నోడు మళ్ళీ అడుగుతున్నాడు, "గండి యాడుంది నాయనా?"

గండికోట దూరం నుంచి కనిపించే చోటు కాదు. కొండ ఎక్కి, కోటలోకి వెళ్ళి, ఊరు దాటి, బండల మీద నడిచి అంచుకు చేరేదాకా పెన్నానది మన కాళ్ళ దిగువనే పారుతోందని ఎవరూ ఊహించలేరు. పిల్లలతో వచ్చేవాళ్ళకు ఇదే వరం. నడక పెద్ద దూరమేమీ కాదు, ఎక్కుడూ తక్కువే. మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మ కూడా కర్ర ఊతంతో వస్తోంది. ఎండ ముదరకముందే బయల్దేరాలి, నీళ్ళు మోసుకోవాలి. అంతకు మించి సన్నాహం అక్కర్లేదు.

కోట వాకిలి ముందు నిలబడ్డాం. పెద్ద తలుపుల నిండా ఇనుప మేకులు. ఏనుగులు కుమ్మకుండా కొట్టినవి. లోపలికి అడుగు పెట్టగానే దారి వంకర తిరుగుతుంది, గోడలు రెండు వైపులా మీదికి వస్తాయి. పెమ్మసాని నాయకులు విజయనగర రాజుల కింద ఏలిన కోట ఇది. ఆ తర్వాత గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతికి చిక్కింది. 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే అతన్ని కలవడానికి ఇక్కడికే వచ్చాడు.

లోపల ఇప్పటికీ ఊరుంది. అరుగు మీద కూర్చున్న పెద్దాయన అమ్మను చూసి, "యా ఊరుమ్మా మీది?" అని పలకరించాడు. ఆమె ఊరి పేరు చెప్పి, ఆయన పిల్లల గురించి అడిగి, అక్కడే నిలబడిపోయింది. మా పాప వెళ్ళి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. మాధవరాయస్వామి గుడి గోపురం, జామా మసీదు మినార్లు, ధాన్యాగారం, రంగనాథస్వామి గుడి వరసగా వస్తాయి. వాటికి ఒక పూట విడిగా కేటాయించాలి. ఇవాళ మా చూపు రాళ్ళ మీద.

మసీదు దాటాక మట్టిదారి సన్నబడి, బండల్లో కలిసిపోతుంది. ఇక్కడి నుంచి దారి అంటూ ఒకటి ఉండదు. ఎవరికి వీలైన బండ మీద వాళ్ళు అడుగేసుకుంటూ పోవడమే. చిన్నోడికి నడుము ఎత్తున్న రాళ్ళు, పాపకు మోకాలి ఎత్తున్నవి. ఎక్కుతారు, దిగుతారు, మధ్య సందుల్లో దూరతారు. మా ముందు నడుస్తున్న గుంపు ఫోన్లు పైకెత్తుకుని అంచు వైపు పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది. మేం నెమ్మదిగానే పోతున్నాం. పోవాలి కూడా. ఎందుకంటే చూడాల్సినది అంచు దగ్గర మాత్రమే లేదు.

"అవ్వా, ఈ రాయి మీద గీతలు సూడు!" పాప వంగి బండ మీద అరచెయ్యి ఆనించింది. నేనూ కూర్చున్నాను. ఎర్రటి రాతి మీద వరసగా మిట్టా పల్లం, మిట్టా పల్లం. వేళ్ళు పెట్టి నిమిరితే ఒక్కొక్క మడత తెలుస్తోంది. ఎవరూ చెక్కినవి కావు. లోతు తక్కువ నీళ్ళు అటూ ఇటూ కదిలినప్పుడు అడుగున ఉన్న ఇసుక పడే మడతలు ఇవి. సముద్రపు ఒడ్డున పాదాల కింద తగిలేవే. ఆ ఇసుక మీద ఇంకో పొర పడింది, దాని మీద మరొకటి. బరువుకు అణిగి, రేణువులు ఒకదానికొకటి అతుక్కుని ఇసుకరాయి అయింది. ఆపై ఇంకా గట్టిపడి, సుత్తి దెబ్బకు ఖంగుమనే క్వార్ట్‌జైట్‌గా మారింది. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ రాతికి ఈ ఊరి పేరే పెట్టారు, గండికోట క్వార్ట్‌జైట్ అని. వయసు వంద కోట్ల ఏళ్ళకు పైమాటే.

"అయితే ఇది సముద్రమా? గవ్వలు దొరుకుతాయా?" చిన్నోడి కళ్ళు పెద్దవయ్యాయి.

దొరకవు. ఈ ఇసుక పరుచుకున్న నాటికి లోకంలో గవ్వ లేదు, చేప లేదు. నేల మీద గడ్డిపోచ కూడా మొలవలేదు. కంటికి కనపడని సూక్ష్మజీవులు తప్ప ఆ నీళ్ళలో వేరే ప్రాణి లేని కాలం. అలలు వచ్చేవి, పోయేవి. చూసే కన్ను ఒక్కటి లేదు. వాటి గుర్తులు మాత్రం ఇదిగో, ఎనిమిదేళ్ళ పిల్ల అరచేతి కింద ఉన్నాయి. ఈ మాట పిల్లలకు చెబుతుంటే నా గొంతులోనే వణుకు వచ్చింది. కడప జిల్లాలో పుట్టి పెరిగిన వాళ్ళకు కూడా బడిలో ఈ సంగతి చెప్పినవాళ్ళు తక్కువ. ఇంతటి పాఠం ఊరి పక్కనే తెరిచి పెట్టి ఉన్నప్పుడు, పిల్లల్ని తీసుకొచ్చి ఫొటో ఒక్కటి తీసుకుని వెళ్ళిపోతే నాకు బాధగా ఉంటుంది.

గాలి మారింది. వెడల్పుగా, ఎదురుగా కొడుతోంది. పిల్లలిద్దరి చేతులూ గట్టిగా పట్టుకున్నాం. అంచు వెంట చాలాచోట్ల కంచె లేదు. రాయి మీద రాలిన ఇసుకకు చెప్పు జారుతుంది. అందుకని అంచుకు నాలుగడుగుల ఇవతలే కూర్చోబెట్టి, అక్కడి నుంచి బోర్లా పడుకుని పాకమన్నాను. అది వాళ్ళకు ఆటయింది.

నేల ఒక్కసారిగా అయిపోయింది. కింద, దాదాపు 300 అడుగుల లోతున పెన్న ఆకుపచ్చగా మెరుస్తూ వంపు తిరుగుతోంది. ఎదుటి గట్టు నిట్టనిలువుగా లేచింది, ఇటుక మీద ఇటుక పేర్చినట్టు. ఎవరో కట్టారనిపించడానికి కారణం ఉంది. ఇసుక పొరలు పొరలుగా పరుచుకుంది కాబట్టి రాయికి అడ్డగీతలున్నాయి. భూమి కదలికలకు పగిలింది కాబట్టి నిలువు చీలికలున్నాయి. నది అడుగును కోస్తూ పోయేకొద్దీ, ఆ చీలికల వెంట దిమ్మెలు దిమ్మెలుగా రాయి విడిపోయి కింద పడుతుంది. అందుకే ఈ గోడలు ఏటవాలుగా కాకుండా నిటారుగా నిలిచాయి. రాయి మెత్తనిదైతే గట్లు ఎప్పుడో జారిపోయి, ఇక్కడ మామూలు లోయ ఉండేది. కోట కట్టినవాళ్ళు ఈ పక్క పని నదికి వదిలేశారు. ఇంతకంటే ఎత్తయిన గోడ ఏ రాజు కట్టగలడు?

పొద్దు ఇంకాస్త పైకి వచ్చింది. ఎదుటి గట్టు మీద ఎండ ఒక్కో పొరా దిగుతోంది. ముదురు గోధుమ రంగు ఇటుక రంగయింది, అక్కడి నుంచి నారింజ. రాయిలోని ఇనుము తుప్పు ఎరుపు అది. ఒక గద్ద మన కంటికి దిగువన తిరుగుతోంది. పక్షి వీపును పైనుంచి చూడడం పిల్లలకు కొత్త. అమ్మ ఒక వెడల్పాటి బండ చూసుకుని కొంగు తలమీదికి లాక్కుని కూర్చుంది. "ఎంత సేపైనా ఉంటాను, మీరు తిరిగి రాండి," అంది.

పక్క బండ మీద ఎవరో సున్నంతో రాసిన పేర్లు, గుండె బొమ్మ. సందుల్లో పగిలిన సీసాలు. పాప చదివి, "దీని మీద కూడా రాస్తారా?" అని అడిగింది. ఈ రాతి మీద అలలు రాసింది చాలదా అని నాకు కోపం వచ్చింది. తెచ్చుకున్న సంచీలో పట్టినన్ని సీసా పెంకులు జాగ్రత్తగా ఏరాం.

మధ్యాహ్నానికి బెలుం. నంద్యాల జిల్లాలోని ఆ గుహలు ఇక్కడికి గంటన్నర ప్రయాణం లోపే. 1884లో భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశాడు. 1980లలో జర్మన్ గుహాన్వేషకుడు గెబావర్ లోపలంతా కొలిచాడు. పొడవు 3229 మీటర్లు. మెట్లు, దీపాలు ఉన్నాయి కాబట్టి పిల్లలు హాయిగా నడుస్తారు. కానీ లోపల ఉక్క ఎక్కువ, అమ్మ వాకిట్లోనే ఆగింది. ఇక్కడి రాయి సున్నపురాయి, మన ఇళ్ళలో నేలకు పరిచే నాపరాళ్ళ జాతి. గండికోటలో నీరు రాతిని విరిచింది, ఇక్కడ కరిగించింది. అందుకే అక్కడ అన్నీ మూలలు, ఇక్కడ అన్నీ ఒంపులు. 46 మీటర్ల లోతున పాతాళగంగ దగ్గర సన్నటి ధార రాతిలోకి మాయమవుతుంటే, పాప ఆ తేడాను తానే పట్టేసి తమ్ముడికి చెప్పింది.

తిరుగుదారిలో చిన్నోడికి ఇంకో సందేహం. విరిగిపడిన ఎర్రరాళ్ళు ఎటు పోతాయి? నందికొండల దగ్గర పుట్టిన పెన్న 597 కిలోమీటర్లు పారి, నెల్లూరు జిల్లా ఊటుకూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. విరిగిన రాయి దొర్లి, అరిగి, మళ్ళీ ఇసుకై ఆ నీళ్ళ వెంట పోతుంది. వంద కోట్ల ఏళ్ళనాటి ఒడ్డు రేణువు రేణువుగా కొత్త ఒడ్డుకు చేరుతుందన్నమాట. ఇప్పుడు దిగువన మైలవరం, సోమశిల జలాశయాలు ఆ ఇసుకలో చాలా భాగాన్ని ఆపేస్తున్నాయి. వాడికి అది నచ్చలేదు. ఎంత ఇసుక దాటి వస్తోందో ఊటుకూరు వెళ్ళి చూడాలట. వేసవి సెలవుల్లో తీసుకెళ్తానని మాటిచ్చాను. "నేనూ వస్తా," అంది అమ్మ, "అక్కడైతే బండలెక్కే పని లేదు."