గీత పక్కన మనిషి

మ్యాచ్‌కు సరిగ్గా గంట ముందు, అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక సమావేశం జరిగి తీరాలి. రెండు జట్ల డాక్టర్లు, అథ్లెటిక్ ట్రైనర్లు, అంబులెన్స్ సిబ్బంది ఒకచోట చేరతారు. గుండెకు విద్యుత్ షాక్ ఇచ్చే డిఫిబ్రిలేటర్ ఎక్కడుంది, అంబులెన్స్ ఎటు నుంచి వస్తుంది, ఏ ఆసుపత్రికి తీసుకెళ్లాలి... అన్నీ పైకి చెప్పుకుంటారు. ఒక్క మ్యాచ్‌కు దాదాపు 30 మంది వైద్య సిబ్బంది. 2023 జనవరి 2న సిన్సినాటిలోని పేకోర్ స్టేడియంలో బఫలో బిల్స్ జట్టు తరఫున గీత పక్కన నిలబడ్డవాళ్లలో అసిస్టెంట్ అథ్లెటిక్ ట్రైనర్ డెన్నీ కెల్లింగ్టన్ ఒకరు.

కెల్లింగ్టన్ చదువుకున్నది ఓక్లహామా స్టేట్ యూనివర్సిటీలో. ఈ చదువు సగం మైదానంలోనే సాగుతుంది. శరీర నిర్మాణం క్లాసు అయ్యాక విద్యార్థులు నీళ్ల సీసాలు నింపాలి, ఐస్ సంచులు కట్టాలి, వరసగా బల్లెక్కి కూర్చున్న ఆటగాళ్ల చీలమండలకు టేపు చుట్టాలి. చూసేవాళ్లకు ఇదేం పెద్ద పని అనిపిస్తుంది. మడమ దగ్గర ఒక్క ముడత మిగిలినా ఆట మధ్యలో బొబ్బ లేస్తుంది. బిగువు కాస్త ఎక్కువైతే వేళ్లు తిమ్మిరెక్కుతాయి, తక్కువైతే కీలు మడతపడుతుంది. కొన్ని వందల పాదాలు చుట్టాక గానీ చెయ్యి కుదరదు.

దాంతోపాటే బొమ్మ ఛాతీ మీద సీపీఆర్ సాధన. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతున నొక్కాలి. మోచేతులు వంగకూడదు. పట్టా చేతికొచ్చాక కూడా ఈ సాధన ఆగదు. నిజంగా గుండె ఆగిపోవడం చూడకుండానే రిటైరయ్యే ట్రైనర్లు ఎందరో. ఎప్పటికీ రాకపోవచ్చనుకున్న నిమిషం కోసం ఇంత ఓపికగా సిద్ధపడటం నాకు ఈ వృత్తిలో అన్నిటికన్నా గొప్పగా కనిపిస్తుంది.

కెల్లింగ్టన్ సిరాక్యూస్ యూనివర్సిటీ జట్టుతో చాలా ఏళ్లు పనిచేసి, 2017లో బిల్స్‌కు వచ్చారు. పేరు ఆ జట్టు గోడలు దాటి పెద్దగా ఎవరికీ తెలియదు.

ఆ రాత్రి తొలి క్వార్టర్‌లో ఇంకా 5 నిమిషాల 58 సెకన్లు మిగిలి ఉన్నాయి. బంతి అందుకుని దూసుకొస్తున్న ప్రత్యర్థి ఆటగాడు టీ హిగ్గిన్స్‌కు బిల్స్ ఆటగాడు, 24 ఏళ్ల డమార్ హామ్లిన్ అడ్డుపడ్డాడు. ఛాతీకి దెబ్బ తగిలింది. ఇద్దరూ కిందపడ్డారు. హామ్లిన్ లేచి నిలబడ్డాడు. మరుక్షణం వెల్లకిలా కూలిపోయాడు.

గుండె లయలో సెకనులో కొన్ని వందో వంతులు మాత్రమే ఉండే ఒకానొక బలహీన ఘడియలో ఛాతీకి గట్టి దెబ్బ తగిలితే, ఏ జబ్బూ లేని గుండె కూడా కొట్టుకోవడం మాని వణుకుతూ ఉండిపోతుంది. దీన్ని కమోషియో కార్డిస్ అంటారు. విద్యుత్ షాక్ ఆలస్యమయ్యే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం చొప్పున జారిపోతుంది.

కెల్లింగ్టన్ గడ్డి మీద మోకరిల్లి ఛాతీ నొక్కడం మొదలుపెట్టారు. డిఫిబ్రిలేటర్ వచ్చింది. జట్టు సహచరులు కన్నీళ్లతో చుట్టూ వలయంగా నిలబడి కెమెరాలకు అడ్డుగోడ అయ్యారు. ఆగిన గుండె మళ్లీ కొట్టుకున్నాకే అంబులెన్స్ మైదానం దాటింది. మ్యాచ్ మళ్లీ మొదలుకాలేదు.

రెండు రోజుల తర్వాత హామ్లిన్‌కు మెలకువ వచ్చింది. నోట్లో గొట్టం ఉండటంతో కాగితం మీద రాసి అడిగాడు, మనం గెలిచామా అని. మర్నాడు బిల్స్ కోచ్ షాన్ మెక్‌డెర్మట్ విలేకరుల ముందు కెల్లింగ్టన్ పేరు తీసి మరీ మెచ్చుకున్నారు. ఆ జులైలో క్రీడారంగానికిచ్చే ఎస్పీ అవార్డుల వేదిక మీద బిల్స్ ట్రైనర్ల బృందానికి పురస్కారం అందించడానికి వచ్చిన హామ్లిన్ మాట రాక తలవంచి ఏడ్చేశాడు.

ఇప్పుడు అమెరికాలో ఈ ఉద్యోగంలో చేరాలంటే మాస్టర్స్ చదివి, జాతీయ పరీక్ష గట్టెక్కాలి. మన దగ్గరైతే ఫిజియోథెరపీలో బీపీటీ, ఆపైన ఎంపీటీలో స్పోర్ట్స్ తీసుకోవడం దగ్గరి దారి. ఆ దారిన నడిచే పిల్లలు పెద్ద స్టేడియాలనే కలగంటారు, తప్పులేదు. కానీ అమెరికాలోనే దాదాపు మూడో వంతు హైస్కూళ్లకు ట్రైనర్ లేరు. మన మండల స్థాయి కబడ్డీ పోటీల్లో గీత పక్కన అలాంటి మనిషి కనబడటం ఇంకా అరుదు. అక్కడ కూలిపోయిన పిల్లాడికి కూడా చేతిలో ఉండేవి అవే కొన్ని నిమిషాలు.

ఆసుపత్రి నుంచి వచ్చాక హామ్లిన్ ఊరూరా తిరిగి పిల్లల క్రీడా సంఘాలకు డిఫిబ్రిలేటర్లు ఇప్పించాడు, సీపీఆర్ శిక్షణ పెట్టించాడు. 2023 అక్టోబరు 1న మయామీ డాల్ఫిన్స్ మీద, లీగ్ మ్యాచ్‌లో మళ్లీ ఆడాడు.