హాజీ మొహ్సిన్ వక్ఫ్ – పేద విద్యార్థి చదువు: ఒక చారిత్రక పరిశీలన

ముస్లింల విద్యా చరిత్రను వ్రాసేవారు సాధారణంగా భవనాల చరిత్రనే వ్రాస్తారు. ఫలానా సంవత్సరంలో ఫలానా నవాబు మద్రసా కట్టించాడు, ఫలానా వర్తకుడు కళాశాల స్థాపించాడు అని చెప్పి ముందుకు సాగిపోతారు. ఆ గుమ్మంలో ఎవరు అడుగు పెట్టగలిగారు, పెట్టినవారిలో ఎవరు చివరి పరీక్ష దాకా నిలిచారు, వారికి రెండు పూటలా అన్నం ఎవరు పెట్టారు అన్న ప్రశ్నలు వెనుకబడిపోతాయి. పూర్వకాలపు వక్ఫ్ దాతలు ఈ విషయంలో మనకంటె జాగరూకులు. బాగ్దాదులో ఖలీఫా ముస్తన్సిర్ స్థాపించి, హిజ్రీ 631లో, అనగా క్రీ.శ. 1234లో ప్రారంభించిన ముస్తన్సిరియా మద్రసాలో నాలుగు మజ్‌హబులకు చెందిన విద్యార్థులు, మజ్‌హబుకు 62 మంది చొప్పున 248 మంది ఉండేవారు. ముదర్రిసుల జీతాలతోపాటు విద్యార్థులకు రొట్టె, మాంసం, నెలకొక దీనారు కూడా వక్ఫ్ ఆదాయం నుండే అందేవి. కైరోలోని అజ్‌హర్‌లో దూరదేశాల విద్యార్థులు తమ తమ రివాఖులలో నివసిస్తూ రొట్టెల వంతు పుచ్చుకొనేవారు. చదువుకొనేవాని ఆకలి సంగతి వక్ఫ్ పత్రం వ్రాసేనాడే ఆలోచించి పెట్టారన్నమాట.

ఆ ఆలోచన లోపించినప్పుడు ఎంత పెద్ద ధనరాశి అయినా పేద విద్యార్థిని చేరకుండా ప్రక్కనుంచి పోగలదు. బెంగాల్‌లోని హుగ్లీ వక్ఫ్ చరిత్ర ఇందుకు గొప్ప ఉదాహరణ. మన తెలుగు పాఠకులలో హాజీ ముహమ్మద్ మొహ్సిన్ పేరు విన్నవారు తక్కువ కనుక ఆ కథను కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది.

హాజీ మొహ్సిన్ 1732లో జన్మించాడు. ఇరాన్, ఇరాఖ్, అరబ్బు దేశాలు తిరిగి, హజ్ చేసి వచ్చిన విద్వాంసుడు. వివాహం చేసుకోలేదు. ఆయన సోదరి మన్నుజాన్ ఖానంకు భర్త ద్వారా జెస్సోర్ జిల్లాలోని సయ్యద్‌పూర్ జమీందారీ సంక్రమించింది. సంతానం లేని ఆమె 1803లో మరణిస్తూ ఆ ఆస్తిని సోదరునికి విడిచింది. అప్పటికే డెబ్బది దాటిన మొహ్సిన్ దానిని అనుభవించాలని కోరలేదు. 1806లో వక్ఫ్ పత్రం వ్రాసి ఆస్తినంతటినీ అల్లాహ్ మార్గంలో అంకితం చేశాడు. ఆదాయాన్ని తొమ్మిది వంతులు చేసి, మూడు వంతులు ముహర్రం మజ్లిసులు, ఫాతిహాలు, ఇమాంబారా మరమ్మతుల వంటి ధార్మిక కార్యాలకు, నాలుగు వంతులు సిబ్బంది జీతాలకు, పింఛన్లకు, వేతనాలకు, మిగిలిన రెండు వంతులు ఇద్దరు ముతవల్లీల ప్రతిఫలానికి కేటాయించాడు. 1812లో ఆయన కన్నుమూశాడు.

తరువాత జరిగినది మన వక్ఫ్ ఆస్తుల విషయంలో ఎన్నోచోట్ల జరిగినదే. ముతవల్లీలపై దుర్వినియోగపు ఆరోపణలు వచ్చాయి. 1810 నాటి 19వ రెగ్యులేషన్ క్రింద ప్రభుత్వం జోక్యం చేసుకొని వారిని తొలగించి, తానే ధర్మకర్త స్థానంలో కూర్చుని ముతవల్లీ వంతును కూడా తన చేతికి తీసుకొన్నది. తొలగింపబడినవారు వేసిన దావా ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళి 1835లో తేలింది. ఇన్నేళ్ళూ ఖర్చు కాక పేరుకుపోయిన సొమ్ము ఎనిమిది లక్షల రూపాయలు దాటింది. నాటి రూపాయి విలువలో అది ఎంతటి ధనమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ ధనంతో 1836 ఆగస్టు 1న చిన్సురాలో హుగ్లీ కళాశాల ప్రారంభమైనది. నేడు దాని పేరు హుగ్లీ మొహ్సిన్ కళాశాల. తెరచిన కొద్ది రోజులలోనే విద్యార్థులు వందల సంఖ్యలో వచ్చి చేరారు. అయితే ఆంగ్ల విభాగంలో చేరిన హిందూ విద్యార్థులు తొమ్మిది వందలు దాటగా, ముస్లింలు ముప్పదిమందికి కాస్త ఎక్కువ. ముస్లిం పిల్లలలో అధికులు అరబ్బీ, ఫారసీ బోధించే ప్రాచ్య విభాగంలోనే చేరారు. ముప్పది అయిదేళ్ళు గడచిన పిదప, 1871లో విలియం హంటర్ తన గ్రంథం ప్రకటించేనాటికి, ఆ కళాశాల ఆంగ్ల తరగతులలో మూడు వందల మందికిగాను ముస్లింలు నూటికి ఒక్కరు కూడా లేరు. ఒక ముస్లిం దాత వక్ఫ్ ధనంతో నడిచే కళాశాల పరిస్థితి ఇది.

ఇక్కడ న్యాయంగా మాట్లాడవలసి ఉన్నది. ఆ కళాశాల వలన బెంగాల్‌కు ఎనలేని మేలు జరిగింది. బంకిం చంద్ర చటర్జీ వంటివారు అక్కడ చదివినవారే. పొరుగువాని బిడ్డ చదువుకొన్నందుకు చింతించడం ముస్లింకు తగదు, తగవు కూడా వారితో కాదు. ప్రశ్న రెండు రకాలుగా ఉన్నది. మొదటిది ఫిఖ్‌హ్‌కు సంబంధించినది. దాత షరతుకు భిన్నంగా వక్ఫ్ ఆదాయాన్ని మళ్ళించరాదన్నది ఫుఖహాల ప్రసిద్ధ నియమం. మొహ్సిన్ పత్రంలో కళాశాల ప్రసక్తి లేదు. ప్రభుత్వం తాను ధర్మకర్తనన్న హోదాలో ఆ నిర్ణయం చేసినది. రెండవ ప్రశ్న మన పరిశీలనకు ముఖ్యమైనది. తలుపులు తెరచి ఉన్నా ముస్లిం పిల్లలు ఎందుకు లోనికి రాలేదు?

ఇంగ్లీషు చదువంటే ఉన్న ధార్మిక శంకయే కారణమని చాలాకాలం చెప్పుకొన్నాము. అందులో కొంత నిజం లేకపోలేదు. కాని అదొక్కటే చెప్పి ఊరుకొంటే ఉలమాలకు అన్యాయం చేసినట్లే. 1837 చట్టంతో కచేరీలలో ఫారసీ స్థానం పోవడం మొదలై, ఆ భాషపై ఆధారపడిన కుటుంబాల జీవనం దెబ్బతిన్నది. ముస్లిం జనసాంద్రత తూర్పు బెంగాల్ పల్లెలలో ఉండగా కళాశాలలు కలకత్తా పరిసరాలలో ఉన్నాయి. నెల నెలా ఫీజు చెల్లించి, పరాయి ఊరిలో తిండి, వసతి చూసుకొని, అయిదారేళ్ళపాటు ఇంటికి ఒక్క పైసా పంపకుండా చదవగల రైతు బిడ్డ ఎవడు? కళాశాలను వక్ఫ్ ధనంతో నడిపారు గాని, ఆ ధనంలో ఒక్క భాగమైనా విద్యార్థి పేర వ్రాయవలెనని నిర్వాహకులకు తట్టలేదు.

అయినను అక్కడినుండి పైకి వచ్చినవారు కొందరున్నారు. సయ్యద్ అమీర్ అలీ హుగ్లీలో చదివి 1867లో బి.ఎ., 1868లో ఎం.ఎ. పట్టాలు పొందాడు. ఇమాంబారా ముతవల్లీ సయ్యద్ కరామత్ అలీ సాహచర్యం ఆ యువకునికి లభించింది. కరామత్ అలీ ఉర్దూలో వ్రాసిన ‘మాఖజె ఉలూమ్’ను ఉబైదుల్లాహ్ ఉబైదీ, అమీర్ అలీ కలసి ఆంగ్లంలోనికి అనువదించగా 1867లో కలకత్తాలో అచ్చయింది. అనువాదకునిగా నాకు ఈ చిన్న సంగతి చాలా ప్రియమైనది. ఇమాంబారా మౌల్వీ గ్రంథం, కళాశాల విద్యార్థి ఇంగ్లీషు ఒకచోట కలిశాయి. ఒక ముతవల్లీ నీడన ఒక విద్యార్థి నిలదొక్కుకోగలిగాడు. కాని ప్రతి పేద బాలునికీ అటువంటి పెద్దదిక్కు దొరకదు కదా. వ్యక్తి దయగా ఉన్నది వ్యవస్థగా మారవలసి ఉండినది.

ఆ మార్పు కొరకు పట్టుబట్టినవాడు నవాబ్ అబ్దుల్ లతీఫ్. ఫరీద్‌పూర్‌కు చెందిన ఆయన కలకత్తా మద్రసాలో చదివి, డిప్యూటీ మేజిస్ట్రేటు ఉద్యోగం చేస్తూ, 1863లో మహమ్మడన్ లిటరరీ సొసైటీని స్థాపించాడు. హుగ్లీ మద్రసా స్థితిగతులపై ఆయన 1861లోనే ప్రభుత్వానికి నివేదిక సమర్పించాడు. మొహ్సిన్ నిధి ముస్లిం విద్యార్థులకే ఉపయోగపడాలని ఏళ్ళ తరబడి వాదించాడు. ఊరేగింపులు లేవు, ఉపన్యాసాల హోరు లేదు. అంతా అర్జీలు, లెక్కలు, మరల అర్జీలు. మన చరిత్రకారులు ఇటువంటి ఓపికకు తగిన విలువ ఇవ్వలేదని నా అభిప్రాయం. 1871 ఆగస్టులో వైస్రాయి లార్డ్ మేయో ముస్లింల విద్యపై తీర్మానం వెలువరించాడు. హంటర్ గ్రంథం ఆ ఏడే వచ్చింది. చివరకు 1873లో, లార్డ్ నార్త్‌బ్రూక్ కాలంలో, హుగ్లీ కళాశాల వ్యయాన్ని ప్రభుత్వ ఖజానా భరించేటట్లు ఏర్పాటు జరిగి మొహ్సిన్ నిధికి విముక్తి లభించింది. ఆ సొమ్ముతో ఢాకా, చిట్టగాంగ్, రాజ్‌షాహీలలో మద్రసాలు వెలిశాయి. ఢాకా మద్రసాకు మొదటి సూపరింటెండెంటు పైన చెప్పిన ఉబైదీయే. అన్నింటికంటె ముఖ్యమైన నిర్ణయం మరొకటి. ప్రభుత్వ ఆంగ్ల పాఠశాలలలో, కళాశాలలలో చదివే ముస్లిం విద్యార్థుల ఫీజులో మూడింట రెండు వంతులు మొహ్సిన్ నిధి చెల్లిస్తుంది. విద్యార్థి చెల్లించవలసినది మూడవ వంతే.

ఈ మార్పును నిదానంగా గమనించాలి. 1836లో ధనం కళాశాలకు చేరింది. 1873లో అదే ధనం విద్యార్థి పేర చేరింది. అంతకు ముందు ఒక ఊరిలోని ఒక భవనానికి కట్టుబడి ఉన్న నిధి ఇప్పుడు విద్యార్థితోపాటు అతడు చదివే చోటికి వెళ్ళసాగింది. మొహ్సిన్ షియా. ఆయన వక్ఫ్ ఇమాంబారా చుట్టూ అల్లుకొన్నది. కాని దాని మేలు పొందిన బెంగాల్ విద్యార్థులలో అత్యధికులు సున్నీలు. ఈ విషయమై నాడు ఎవరికీ పేచీ లేకపోవడం మనవారు తలచుకోదగినది. అమీర్ అలీ కూడా విద్యార్థిగా చూసిన ఆ సంస్థ రుణం మరువలేదు. 1876 నుండి 1904 వరకు హుగ్లీ ఇమాంబారా కమిటీ అధ్యక్షునిగా పనిచేశాడు, కలకత్తా హైకోర్టు న్యాయమూర్తిగా ఉన్న కాలంలో సహా.

ఫీజు తేలినంత మాత్రాన కడుపు నిండదు. ఆ లోటును బెంగాల్ ముస్లిం సమాజం తనదైన పద్ధతిలో పూరించుకొన్నది. ‘జాయ్‌గీర్’ అనే ఆచారం అక్కడి పల్లెలలో, పట్టణాలలో ఉండేది. కొద్దో గొప్పో కలిగిన కుటుంబం ఒక పేద విద్యార్థికి తమ ఇంట తిండి, పడక ఇస్తుంది. అతడు సాయంత్రం వారి పిల్లలకు పాఠాలు చెబుతాడు. దీనికి రిజిస్టరు లేదు, కమిటీ లేదు. మన వారాల భోజనానికి దగ్గరి చుట్టము. పట్టణాలలో వసతి గృహాలు తరువాత వచ్చాయి. 1910లో కలకత్తాలో నెలకొన్న బేకర్ హాస్టల్ వాటిలో ప్రసిద్ధమైనది. 1940లలో ఇస్లామియా కళాశాల విద్యార్థిగా షేక్ ముజీబుర్రహ్మాన్ అక్కడే ఉన్నాడు.

ఉత్తర హిందూస్థానంలో ఇదే సమస్యకు వేరొక సమాధానం దొరికింది. అక్కడ మొహ్సిన్ నిధివంటిది లేదు. సర్ సయ్యద్ 1875లో అలీగఢ్‌లో తెరచిన మద్రసతుల్ ఉలూమ్ వసతి కళాశాల కావడం వలన ఖర్చు ఎక్కువ, కనుక చేరినవారిలో షరీఫు కుటుంబాల పిల్లలే అధికం. 1890లో సాహిబ్‌జాదా ఆఫ్తాబ్ అహ్మద్ ఖాన్ తోటి విద్యార్థులతో కలసి అక్కడ ‘అంజుమన్ అల్ ఫర్జ్’ను స్థాపించాడు. ఇంగ్లీషులో దాని పేరు ‘డ్యూటీ’. సెలవులలో విద్యార్థులే ఊరూరా తిరిగి విరాళాలు ప్రోగుచేసి, చదువు సాగించలేని పేద విద్యార్థులకు అందజేయడం దాని పని. ఆ సంఘం నేటికీ అలీగఢ్‌లో ఉన్నది. పేరును ఒకసారి ఆలోచించండి. ఖైరాత్ అనలేదు, ఇమ్దాద్ అనలేదు, ఫర్జ్ అన్నారు. ఖైరాత్ ఇచ్చేవాని ఇష్టం. ఫర్జ్ చేయనివాడు దోషి. దీనిని తెలుగులో ‘విధి’ అంటే తలవ్రాత అనే అర్థం తోస్తుంది, ‘కర్తవ్యం’ అంటే షరీఅత్ బరువు పోతుంది. అందుకే ఆ మాటను అట్లే ఉంచాను. పుచ్చుకొనేవాడు ప్రక్క గదిలోని సహాధ్యాయి అయినప్పుడు అతని తల వంగకుండా చూచేది ఆ మాటే.

మన ప్రాంతానికి వస్తే, 1947లో కర్నూలులో వెలసిన ఉస్మానియా కళాశాలను మొదట చెప్పుకోవాలి. మద్రాసు ముహమ్మదన్ కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేసిన అఫ్జలుల్ ఉలమా డాక్టర్ అబ్దుల్ హఖ్ గారి కృషి, నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ విరాళం దానికి మూలం. రాయలసీమ బిడ్డకు మద్రాసు ప్రయాణం, మద్రాసు బస తప్పించడమే ఒక సాయం. దూరం కూడా ఫీజువంటిదే. ఆ తరువాత చాలాకాలానికి, 2008 ప్రాంతంలో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంటు పథకం, నాడు మొహ్సిన్ నిధి చేసిన పనిని మరింత పెద్ద ఎత్తున చేయబూనినది. ప్రభుత్వ బకాయిలు పేరుకొని కళాశాలలు సర్టిఫికెట్లు ఆపిన వార్తలు పత్రికలలో వచ్చినవే. ఫీజు అందినా బస్సు ఛార్జీ, పుస్తకాలు, హాస్టలు మెస్సు బిల్లు, తండ్రి జబ్బు పడిన నెలలో ఇంటి బియ్యం అందులోకి రావు. పేద విద్యార్థి చదువు తెగేది చాలాసార్లు ఇక్కడే.

ఈ ఖర్చులకు జకాత్ ధనం ఎంత సరిపోతుందో మద్రసాలో ఫిఖ్‌హ్ చదివినవారికి చెప్పనక్కరలేదు. హనఫీ మజ్‌హబులో జకాత్ నెరవేరాలంటే తమ్లీక్ జరగాలి, అనగా అర్హుడైన పేదవానిని ఆ సొమ్ముకు యజమానిని చేయాలి. గోడకు, పైకప్పుకు తమ్లీక్ లేదు. ‘ఫీ సబీలిల్లాహ్’ పద్దును విశాలంగా వ్యాఖ్యానించే ఆధునిక పండితులు లేకపోలేదు. హీలా చేసి జకాత్‌ను భవన నిధికి మళ్ళించే అలవాటూ మనలో ఉన్నది. కాని హుగ్లీ అనుభవం తరువాత తమ్లీక్ షరతులోని వివేకం నాకు మరింత స్పష్టంగా కనిపిస్తున్నది.

ఆచరణలో ఒక చిక్కు ఉన్నది. మన జకాత్ అధికభాగం రంజానులోనే వసూలై రంజానులోనే పంచబడుతుంది. రంజాను ప్రతి సంవత్సరం పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ ఉంటుంది. కళాశాల ప్రవేశాలు మాత్రం వేసవి చివరనే ఉంటాయి, పరీక్ష ఫీజు గడువులు వాటి లెక్కన అవి వస్తాయి. రంజాను ఫిబ్రవరిలో వచ్చిన సంవత్సరం పంచిన సొమ్ము జూలై నాటికి ఏ ఇంటిలోనూ మిగలదు. ఇందుకు రెండు మార్గాలు తోస్తున్నాయి. జకాత్ ఏడాది పూర్తి కాకముందే చెల్లించడం హనఫీల వద్ద చెల్లుతుంది గనుక, స్థోమత గలవారు తమ జకాత్‌లో ఒక భాగాన్ని ప్రవేశాల నెలలోనే ఇవ్వవచ్చు. లేదా ఊరి కమిటీ ప్రథమ సంవత్సరంలో చేరిన ప్రతి పేద విద్యార్థి పేర ఒక పుట తెరచి, అతడు చివరి పరీక్ష వ్రాసేదాకా ఏ నెలలో ఎంత అందినదో అందులో వ్రాస్తూ పోవచ్చు. డిగ్రీకి మూడేళ్ళు, ఇంజనీరింగుకు నాలుగేళ్ళు అన్న లెక్క మొదటి రోజే ఆ పుట మీద ఉండాలి.