దొడ్డికాళ్ళ హెరాల్డు

మా మామయ్య హెరాల్డు కారును జాకీ మీంచి దించిన ప్రతిసారీ నాకు నవ్వొచ్చేది. వెనక చక్రాలు రెండూ కింద లోపలికి ముడుచుకుని, పైన బయటికి విచ్చుకుని, దొడ్డికాళ్ళ మనిషి నిలబడ్డట్టుండేది బండి. నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందులో షెడ్డు. "నవ్వబాక అబ్బయా, నాలుగు గజాలు తొయ్యి. అదే సర్దుకుంటుంది" అనేవాడు మేస్త్రి. తోసేవాణ్ణి. సర్దుకునేది.

ఎందుకు ముడుచుకునేదో, ఎందుకు సర్దుకునేదో నాకు తెలిసింది చాలా ఏళ్ళ తర్వాత, ఆ కారు పుట్టిన కోవెంట్రీలోనే కాపురం పెట్టాక.

1953లో, స్టాండర్డ్-ట్రయంఫ్ కంపెనీకి బాడీలు చేసిచ్చే సంస్థను పోటీదారు బీఎంసీ కొనేసింది. కొత్త కారుకు ఏకాండీ బాడీ చేసిపెట్టే దిక్కు లేకపోయింది. దాంతో ఇంజనీరు హ్యారీ వెబ్‌స్టర్ పాత పద్ధతికే పోయి, విడిగా చాసిస్ వేసి, దాని మీద బాడీ ముక్కల్ని బోల్టులతో బిగించాడు. రూపం గీసింది ఇటలీ వాడు మికెలోత్తి. 1959 ఏప్రిల్‌లో హెరాల్డు బయటికొచ్చింది. 25 అడుగుల్లో గుండ్రంగా తిరిగేసేది. మా సందులో రివర్సు గేరు వెయ్యకుండా కారు తిప్పగలిగింది మామయ్య ఒక్కడే.

వెనక చక్రాల దగ్గర మాత్రం ఖర్చు తగ్గించుకున్నారు. డిఫరెన్షియల్ నెత్తిన అడ్డంగా ఒకే ఒక్క కమాన్‌కట్ట. ఒక్కో వైపు ఒక్కో సగం ఇరుసు. దానికి కీలు లోపలి కొసనే ఉంటుంది, బయటి కొసకు చక్రం బిగదీసి ఉంటుంది. బందు మీద తలుపు ఊగినట్టు ఇరుసు కిందికీ పైకీ ఊగుతుంది, దాంతోపాటే చక్రమూ వాలుతుంది. వెనక భాగం పైకి లేచిందా, చక్రాల అడుగులు లోపలికి ముడుచుకుంటాయి. జాకీ దించినా నేల పట్టు వల్ల టైర్లు పక్కకు జరగలేవు. కాస్త దొర్లితే గానీ కాళ్ళు చాపుకోవు. మేస్త్రి నాలుగు గజాల వైద్యంలో మర్మం ఇదే.

ఇదే చాసిస్‌ను ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 91.5 అంగుళాల నుంచి 83కి కుదించి స్పోర్ట్స్ కారు చేశారు. డబ్బు లేక నమూనా బండి ఫ్యాక్టరీ మూలన దుమ్ముగుడ్డ కింద పడి ఉంటే, 1961లో కంపెనీని కొన్న లేలాండ్ వాళ్ళ కంటబడింది. 1962లో స్పిట్‌ఫైర్ అయింది. మూడేళ్ళకు లె మాన్స్ 24 గంటల రేసులో తన తరగతిలో మొదటి స్థానం కొట్టింది. పొడుగు తగ్గింది, వేగం పెరిగింది, ఆ దొడ్డికాళ్ళు మాత్రం అలాగే వచ్చాయి.

ఇటు 1961 నుంచి మద్రాసు పక్కన వండలూరులో హెరాల్డులు తయారయ్యాయి. రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల బాట ఒకటి నెల్లూరు నుంచి మద్రాసు పోయే దారిలోనే, షోళవరంలో ఉంది. రేసులు అక్కడ జరిగేవి, హెరాల్డులూ పరిగెత్తేవి. మేస్త్రి ఒకసారి చూసొచ్చి, "మలుపులో కాలు తీసినోడు గోవిందా" అన్నాడు. నేను దాన్ని కబుర్ల కింద జమకట్టాను.

ఇప్పుడు నా దగ్గరున్నది 1968 నాటి మూడో మార్కు స్పిట్‌ఫైర్. ట్రాక్ మీద నడపాలన్న పిచ్చి పుట్టి, ముందు ఒక షాపులో కంప్యూటర్ అలైన్‌మెంట్ చేయించాను. బండిలో మనిషి లేడు, ముందు చక్రాలు మాత్రమే సరిచేశారు, కాగితం మీద అంకెలన్నీ పచ్చరంగులో వచ్చాయి. అంతకన్నా అడగాలని నాకూ తోచలేదు. మర్నాడు మాలరీ పార్కు రేసు ట్రాక్‌లో జెరార్డ్స్ అనే పెద్ద కుడి మలుపు. సగంలో భయమేసి యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాను. బరువు ముందుకు పోయింది, వెనక లేచింది, చక్రాలు ముడుచుకున్నాయి. ఆకాశం, గడ్డి, మళ్ళీ ఆకాశం. బండి ఆగాక దిగి చూస్తే వెనక చక్రాలు రెండూ అచ్చం నెల్లూరు షెడ్డులో నిలబడ్డట్టే ఉన్నాయి.

అప్పట్నించీ పని ఇంట్లోనే. తాపీమేస్త్రుల నీళ్ళ పైపుతో గరాజు నేల మట్టం చూసి, పల్లంగా ఉన్నచోట రేకులు వేశాను. ట్రయంఫ్ పుస్తకం ఒక్కో ముందు సీటు మీద 68 కిలోలు పెట్టి కొలవమంటుంది. ట్రాక్ మీద పక్క సీట్లో ఎవరూ ఉండరు గనక నేను డ్రైవర్ సీటుకే పెడతాను: ఇరవై కిలోల సోనామసూరి సంచులు మూడు, పది కిలోలది ఒకటి. "బియ్యానికి సీటు బెల్టు పెట్టారా?" అని మా ఆవిడ ఎకసెక్కం.

తర్వాత బండికి రెండు వైపులా స్టాండ్ల మధ్య దారం లాగడం. ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు. స్పిట్‌ఫైర్ ముందు చక్రాల ఎడం 49 అంగుళాలు, వెనకవి 48. కాబట్టి దారం వెనక హబ్బుకు అరంగుళం ఎక్కువ దూరంలో ఉండాలి. అది మరిచి నాలుగు చోట్లా సమానంగా పెడితే ఆ తర్వాత కొలిచిందంతా వృథా. వాలు చూడ్డానికి గుండుదారం చాలు. 13 అంగుళాల రిమ్ము మీద ఒక డిగ్రీ అంటే పైకీ కిందికీ సుమారు 6 మిల్లీమీటర్ల తేడా.

వెనక కమాన్‌కట్టకూ డిఫరెన్షియల్‌కూ మధ్య ఇనప దిమ్మ వేసి బండిని దించాను. దాంతో వెనక చక్రాలు రెండు డిగ్రీలు, కబడ్డీ ఆటగాడు కాళ్ళు ఎడం చేసి నిలబడ్డట్టు వాలాయి. మలుపులో వెనక లేచినా ముడుచుకునే లోపు కొంత జాగా మిగులుతుంది. ముందు చక్రాలకు కింది విష్‌బోన్ బ్రాకెట్ల వెనక షిమ్ములు, అంటే పల్చటి రేకు బిళ్ళలు, చేర్చి ఒక డిగ్రీ ఇచ్చాను. టో, అంటే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండడం, మాత్రం సున్నా. వెనక టో రేడియస్ ఆర్మ్ దగ్గరి షిమ్ములతో మారుతుంది. రెండు వైపులా ఒకేలా లేకపోతే బండి పీతలా నడుస్తుంది. షిమ్ము మార్చిన ప్రతిసారీ బండిని నాలుగు గజాలు తోసి, వెనక్కి తెచ్చి, అప్పుడే కొలుస్తాను.

కోవెంట్రీ ఈ జబ్బుకు మందు వేసింది 1970లో. నాలుగో మార్కు స్పిట్‌ఫైర్‌లో కమాన్‌కట్ట రేకుల్లో ఎక్కువ భాగం నడుమ మీద ఊగేలా చేసి ముడత తగ్గించారు. మద్రాసు మరో దారి పట్టింది. 1972లో వచ్చిన స్టాండర్డ్ గెజెల్‌లో ఊగే ఇరుసులే తీసేసి మామూలు ఒంటి ఇరుసు వేసింది. అక్కడి మెకానిక్కులకూ, డ్రైవర్లకూ పాతది నచ్చకపోవడమే కారణం. దాన్ని వెనకడుగు అంటారు ఇక్కడి మిత్రులు. నేనొప్పుకోను. గతుకుల్లో దొర్లే ఇంటిల్లిపాదీ బండికి షిమ్ములు లెక్కపెట్టేదెవరు? మద్రాసు చేసిందే సబబు.

మీ ఊళ్ళో ఏ షెడ్డులోనైనా ఇంకా హెరాల్డు ఉంటే ఒక్క మాట. అలైన్‌మెంట్ పట్టబోయే ముందు, ముందు చక్రాల కింది ట్రనియన్లు, అంటే చక్రం పక్కకు తిరిగే మరకీళ్ళు, చూడండి. అరిగి ఊగుతుంటే ఏ కొలతా నిలవదు. లోపలి మర తుప్పుపట్టి విరిగితే చక్రం చతికిలబడుతుంది. వాటికి గ్రీజు కొట్టకండి. 90 నంబరు గేర్ ఆయిల్ పొయ్యండి.