మెథిసిలిన్ నిరోధక స్టాఫిలోకాకస్ ఆరియస్

మెథిసిలిన్ నిరోధక స్టాఫిలోకాకస్ ఆరియస్ (ఎంఆర్‌ఎస్‌ఏ) పెన్సిలిన్ కుటుంబంలోని దాదాపు ఏ మందుకూ లొంగని బాక్టీరియా. మామూలు స్టాఫిలోకాకస్ ఆరియస్ సుమారు 30 శాతం మంది ముక్కులో ఏ హానీ చేయకుండా ఉంటుంది. ఆపరేషన్ గాయమో, సెలైన్ గొట్టమో దారి ఇస్తే చీముగడ్డలు, న్యుమోనియా, రక్తంలో ఇన్ఫెక్షన్ కలిగిస్తుంది.

తొలి గుర్తింపు

1940లలో పెన్సిలిన్ వాడుకలోకి వచ్చిన కొద్ది ఏళ్లకే, దాన్ని విరిచే పెన్సిలినేజ్ అనే ఎంజైమును తయారుచేసే రకాలు ఆసుపత్రుల్లో ప్రబలాయి. ఆ ఎంజైమును తట్టుకునే మందుగా 1959లో మెథిసిలిన్ వచ్చింది. దానికీ లొంగని రకాలు బయటపడ్డాయని లండన్‌లోని కొలిండేల్ ప్రయోగశాలకు చెందిన ప్యాట్రీషియా జెవన్స్ 1961లో ప్రకటించారు.

జన్యువులు

ఎంఆర్‌ఎస్‌ఏ మందును విరవదు, మందు పట్టుకోవలసిన చోటునే మారుస్తుంది. బాక్టీరియా గోడను అల్లే ప్రోటీన్లకు అంటుకుని పెన్సిలిన్ ఆ పనిని ఆపుతుంది. మెక్‌ఏ అనే జన్యువు పీబీపీ2ఏ అనే అదనపు ప్రోటీన్‌ను తయారుచేయిస్తుంది. మందు దీనికి సరిగా అంటుకోదు కాబట్టి గోడ కట్టడం ఆగదు. ఈ జన్యువు ఎస్‌సీసీమెక్ అనే డీఎన్ఏ ఖండంలో ఉంటుందని 1999–2000లో జపాన్‌లో కెయిచి హిరమత్సు బృందం తేల్చింది. క్రోమోజోము నుంచి తెగి, మరోచోట అతుక్కునేందుకు కావలసిన ఎంజైముల జన్యువులూ ఆ ఖండంలోనే ఉంటాయి.

మందు కంటే ముందే

పాత నమూనాల జన్యుక్రమాలను పోల్చిన 2017 నాటి అధ్యయనం ప్రకారం, మెథిసిలిన్ రాకకు పదేళ్లకు పైగా ముందే, 1940ల మధ్యలో, ఈ నిరోధకత పుట్టింది. అప్పటి విస్తృత పెన్సిలిన్ వాడకమే దాన్ని నిలబెట్టింది. 2022లో మరో బృందం మెక్‌సీ అనే సోదర జన్యువు మూలాన్ని ఐరోపాలోని హెడ్జ్‌హాగ్ అనే చిన్న ముళ్ల జంతువుల్లో కనుగొంది. వాటి చర్మంపై పెరిగే ఒక ఫంగస్ పెన్సిలిన్ తరహా పదార్థాలను విడుదల చేస్తుంది. ఆ ఒత్తిడిలో నిరోధక రకాలు యాంటీబయాటిక్ యుగానికి ముందే ఏర్పడ్డాయి.

ఆసుపత్రుల్లో వ్యాప్తి

ఒక రోగి నుంచి మరో రోగికి ఇది ప్రధానంగా సిబ్బంది చేతుల ద్వారా చేరుతుంది. 1990లలో ఈఎంఆర్‌ఎస్‌ఏ-15, 16 అనే రకాలు బ్రిటన్ ఆసుపత్రులను చుట్టేశాయి. 2011లో కేంబ్రిడ్జ్‌లోని ఒక నవజాత శిశు విభాగంలో వరుస కేసుల మధ్య లంకె జన్యుక్రమాలతోనే తేలింది. 64 రోజుల విరామం తర్వాత కొత్త కేసు కనిపించడంతో 154 మంది సిబ్బందిని పరీక్షించారు. వారిలో ఒకరు అదే రకాన్ని మోస్తున్నట్లు రుజువైంది.

నియంత్రణ

నెదర్లాండ్స్ ‘వెతికి నిర్మూలించు’ విధానంతో అనుమానితులను ముందే వేరుగా ఉంచి, పరీక్షించి, ఎంఆర్‌ఎస్‌ఏను ఐరోపాలోని అతి తక్కువ స్థాయిల్లో ఒకటిగా నిలిపింది. ఇంగ్లండ్ 2001లో రక్త ఇన్ఫెక్షన్ల నమోదును తప్పనిసరి చేసింది. 2008 నాటికి వాటిని సగానికి తగ్గించాలని 2004లో పెట్టుకున్న లక్ష్యాన్ని సాధించింది. కొత్త మందు కంటే చేతుల శుభ్రత, ముక్కు పరీక్షలు, గొట్టాల విషయంలో జాగ్రత్తలే ఇందుకు ప్రధానంగా తోడ్పడ్డాయి.

చికిత్సకు ప్రధాన ఆధారమైన వాంకోమైసిన్‌కూ సవాలు ఎదురైంది. 2002లో అమెరికాలోని మిషిగన్‌లో ఎంటెరోకాకస్ అనే మరో బాక్టీరియా నుంచి వాంకోమైసిన్ నిరోధకతనిచ్చే వ్యాన్‌ఏ జన్యువును అందుకున్న రకం బయటపడింది. అలాంటి కేసులు ఇప్పటికీ అరుదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 నాటి ప్రాధాన్య బాక్టీరియాల జాబితాలో ఎంఆర్‌ఎస్‌ఏ ‘అధిక ప్రాధాన్య’ వర్గంలో ఉంది.